ఆహారం, పేగు సూక్ష్మజీవులు, స్థూలకాయం: విస్తరణ శాస్త్రవేత్తలు తెలుసుకోవలసిన అంశాలు

ఉపోద్ఘాతం

హైదరాబాదు నగరానికి ఉత్తరాన, 44వ జాతీయ రహదారి వెంబడి మేడ్చల్, రాజీవ్ రహదారి వెంబడి శామీర్‌పేట ఉన్నాయి. ఒకప్పుడు ఈ ప్రాంతం ద్రాక్ష తోటలకు, నగరానికి తరలివెళ్లే కూరగాయలకు, పాలకు పేరుపొందింది. చెరువుల కింద వరి, మెట్ట భూములలో జొన్న, కంది పండేవి. నేడు బాహ్య వలయ రహదారి ఈ ప్రాంతం గుండా సాగుతోంది. పొలాలలో అధికభాగం ఇళ్ల స్థలాలుగా, గిడ్డంగులుగా, పరిశ్రమలుగా మారింది. పొలం పోయిన కుటుంబానికి శారీరక శ్రమ తగ్గింది. తిండిగింజలు పండించుకునే ఇల్లు వాటిని కొనుక్కునే ఇల్లుగా మారింది.

ఈ మార్పు ఫలితం గణాంకాలలోనూ కనిపిస్తుంది. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల మహిళలలో 30.1 శాతం మంది అధిక బరువుతో గాని స్థూలకాయంతో గాని ఉన్నారు. అదే సర్వేలో 18.8 శాతం మంది మహిళలు ఉండవలసిన దానికంటే తక్కువ బరువుతో ఉన్నారు. ఐదేళ్లలోపు పిల్లలలో 33.1 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేనివారు. అంటే ఒకే రాష్ట్రంలో, పలుచోట్ల ఒకే ఇంట్లో, పోషకాహార లోపమూ స్థూలకాయమూ పక్కపక్కనే ఉన్నాయి.

స్థూలకాయానికి కారణాలను వెదికే క్రమంలో గత రెండు దశాబ్దాలుగా శాస్త్రవేత్తల దృష్టి పెద్దపేగులోని సూక్ష్మజీవుల మీదికి మళ్లింది. ‘మంచి బ్యాక్టీరియా’ పేరుతో పొడులు, పానీయాలు, మాత్రలు అంగడిలోకి వచ్చాయి. వాటి గురించి రైతులు, మహిళా సంఘాల సభ్యులు విస్తరణ సిబ్బందిని ప్రశ్నిస్తున్నారు. ఈ పరిశోధనలలో స్థిరపడినదేది, ఇంకా తేలవలసినదేది, వ్యవసాయ విస్తరణకు అందులో ఉపయోగపడేదేది అన్న అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కూనూరు నుంచి తుర్కపల్లి వరకు

ధాన్యానికి, జీర్ణనాళానికి ఉన్న సంబంధం మన దేశ పోషకాహార పరిశోధనకు కొత్త విషయం కాదు. రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో కూనూరులోని పాశ్చర్ సంస్థలో బెరిబెరి వ్యాధి పరిశీలన విభాగాన్ని ప్రారంభించారు. మరపట్టిన బియ్యమే ప్రధానాహారమైన వారిలో ఆ వ్యాధి కనిపించేది. లోపభూయిష్టమైన ఆహారం వల్ల జీర్ణనాళంలో కలిగే మార్పులను ఆయన 1921లో వెలువరించిన గ్రంథంలో వివరించారు. ఆ తరువాత వివిధ భారతీయ ప్రాంతాల భోజనాలను ఎలుకలకు పెట్టి పోల్చారు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరగాయలతో కూడిన ఆహారం తిన్న ఎలుకలు ఏపుగా పెరిగాయి. బియ్యం ఎక్కువగా, పాలు, కూరలు తక్కువగా ఉన్న ఆహారం తిన్నవి వెనుకబడ్డాయి.

ఆ చిన్న విభాగమే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది. ఆ సంస్థ 1920 నుంచి పెంచుతూ వచ్చిన విస్టార్ జాతి ఎలుకలలో సహజంగా లావెక్కే ఒక రకం బయటపడింది. ఎన్.వి. గిరిధరన్, ఆయన సహచరులు 1996లో దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశారు. ఈ ఎలుకలు సుమారు 35 రోజుల వయసు నుంచి లావెక్కడం మొదలుపెడతాయి. ఇతర ఎలుకల కంటే ఎక్కువ తింటాయి. వాటి రక్తంలో ఇన్సులిన్, లెప్టిన్, కొవ్వులు అధికంగా ఉంటాయి. ఒకే జన్యులోపాన్ని మోసే తల్లిదండ్రులకు పుట్టిన పిల్లలలో సన్నని, లోపాన్ని మోసే, స్థూలకాయ రకాలు 1:2:1 నిష్పత్తిలో వస్తాయి. ఒకే గదిలో, ఒకే మేత తిన్న తోబుట్టువులలో కొన్ని మాత్రమే లావెక్కడాన్ని ఈ ఎలుకలు కళ్లకు కట్టినట్టు చూపుతాయి. స్థూలకాయాన్ని కేవలం తిండి మీద అదుపులేనితనంగా పరిగణించరాదన్న పాఠం ఇందులో ఉంది.

ఇటువంటి ప్రయోగాలకు నాణ్యమైన జంతువులు, ప్రమాణబద్ధమైన వసతులు అవసరం. ఆ ఉద్దేశంతో భారత వైద్య పరిశోధన మండలి శామీర్‌పేట సమీపంలోని తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలో నెలకొల్పిన జాతీయ జంతు వనరుల జీవవైద్య పరిశోధన కేంద్రం 2022 డిసెంబరు 17న ప్రారంభమైంది. మానవ సమాజంలో జరిగే అధ్యయనాలకు మేడ్చల్ వేదికైంది. ఘన్‌పూర్‌లోని మెడిసిటి ప్రాంగణం నుంచి పనిచేసే షేర్ ఇండియా సంస్థ ‘లైఫ్’ అధ్యయనంలో 2009–2011 మధ్య మేడ్చల్ మండల గ్రామాల నుంచి 1227 మంది వివాహిత మహిళలను చేర్చుకుంది. గర్భధారణకు ముందు గాని తొలి నెలలలో గాని వారిని నమోదు చేసి, వారి పిల్లల ఎదుగుదలను గమనించడం ఆ అధ్యయన విధానం. ప్రయోగశాల, గ్రామం రెండూ ఇంత దగ్గరగా ఉండడం ఈ ప్రాంత ప్రత్యేకత.

పెద్దపేగులో జరిగే పని

మానవ శరీరంలోని బ్యాక్టీరియా సంఖ్య సుమారు 38 లక్షల కోట్లని 2016లో వెలువడిన అంచనా తెలిపింది. ఇది శరీర కణాల సంఖ్యకు ఇంచుమించు సమానం. మొత్తం బరువు సుమారు 200 గ్రాములు. వీటిలో అత్యధికం పెద్దపేగులోనే ఉంటాయి. చిన్నపేగులో జీర్ణం కాని పీచు, అరగని పిండిపదార్థం అక్కడికి చేరినప్పుడు సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి అసిటేట్, ప్రొపియోనేట్, బ్యుటిరేట్ అనే చిన్న గొలుసు కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తాయి. బ్యుటిరేట్ పెద్దపేగు లోపలి గోడలోని కణాలకు ప్రధాన ఇంధనం. ప్రొపియోనేట్ అధికభాగం కాలేయానికి చేరుతుంది. ఈ ఆమ్లాలు పేగు గోడలోని ఎల్-కణాలను ప్రేరేపించి జీఎల్‌పీ-1, పీవైవై అనే హార్మోన్ల విడుదలకు తోడ్పడతాయి. ఇవి ఆకలి తీరిందన్న సంకేతాన్ని మెదడుకు పంపే హార్మోన్లు.

ఇక్కడ విద్యార్థులకు ఒక సందేహం కలగడం సహజం. సూక్ష్మజీవులు పీచు నుంచి కూడా శక్తిని రాబట్టి శరీరానికి అందిస్తున్నప్పుడు, పీచు ఎక్కువగా తింటే బరువు పెరగాలి కదా? సమాధానం లెక్కలో ఉంది. చిన్నపేగులో పూర్తిగా జీర్ణమయ్యే పిండిపదార్థం గ్రాముకు 4 కిలో కేలరీలు ఇస్తే, పులిసే పీచు సగటున 2 కిలో కేలరీలు మాత్రమే ఇస్తుంది. పైగా పీచు ఉన్న ఆహారాన్ని ఎక్కువ సేపు నమలాలి. అది కడుపులో ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. గ్లూకోజు రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది. అందుచేత పీచు వల్ల వచ్చే కొద్దిపాటి శక్తి కంటే, దాని వల్ల తగ్గే తిండి ఎక్కువ.

పీచు అందనప్పుడు ఏమవుతుందన్నది కూడా ముఖ్యమే. ఆహారంలో పీచు లేనప్పుడు కొన్ని సూక్ష్మజీవులు పేగు గోడను కప్పి ఉంచే శ్లేష్మపు పొరనే ఆహారంగా చేసుకుంటాయని, ఆ పొర పలుచబడి రోగకారక క్రిములకు దారి సులువవుతుందని 2016లో చిట్టెలుకలపై జరిగిన ప్రయోగం చూపింది. అదే సంవత్సరం వెలువడిన మరొక ప్రయోగంలో తక్కువ పీచు ఆహారాన్ని తరతరాలుగా పెట్టిన చిట్టెలుకలలో కొన్ని సూక్ష్మజీవ రకాలు నాలుగు తరాలలో క్రమంగా అంతరించాయి. తరువాత పీచు పెట్టినంత మాత్రాన అవి తిరిగి రాలేదు. విత్తనం పోయిన పొలానికి ఎరువు వేసినా పంట రానట్టే ఇది.

చిట్టెలుకలు నేర్పిన పాఠాలు

పేగు సూక్ష్మజీవులకు, స్థూలకాయానికి ఉన్న సంబంధాన్ని చర్చలోకి తెచ్చిన ప్రయోగాలు అమెరికాలో జెఫ్రీ గార్డన్ ప్రయోగశాలలో జరిగాయి. సూక్ష్మజీవులు ఏ మాత్రం లేకుండా పెంచిన చిట్టెలుకలకు సాధారణ చిట్టెలుకల పేగు సూక్ష్మజీవులను ఎక్కించగా, మేత తగ్గినప్పటికీ 14 రోజులలో వాటి శరీరపు కొవ్వు సుమారు 60 శాతం పెరిగిందని 2004లో ప్రచురించిన ఫలితం తెలిపింది. స్థూలకాయ చిట్టెలుకల సూక్ష్మజీవులను ఎక్కించినవి, సన్నని వాటి సూక్ష్మజీవులను ఎక్కించిన వాటి కంటే ఎక్కువ కొవ్వు కూడబెట్టుకున్నట్టు 2006లో తేలింది.

అన్నింటికంటే ఆలోచించదగినది 2013 నాటి ప్రయోగం. ఒకరు లావుగా, మరొకరు సన్నగా ఉన్న నాలుగు జతల కవల సోదరీమణుల నుంచి సూక్ష్మజీవులను సేకరించి చిట్టెలుకలకు ఎక్కించారు. తరువాత రెండు రకాల చిట్టెలుకలను ఒకే పెట్టెలో ఉంచారు. చిట్టెలుకలు ఒకదాని మలాన్ని మరొకటి తినే అలవాటు గల జీవులు కనుక సూక్ష్మజీవులు ఒకదాని నుంచి మరొక దానికి చేరతాయి. కొవ్వు తక్కువగా, మొక్కల పీచు ఎక్కువగా ఉన్న మేత పెట్టినప్పుడు సన్నని సోదరి సూక్ష్మజీవులు రెండవ చిట్టెలుకలో స్థిరపడి, అది లావెక్కకుండా కాపాడాయి. సంతృప్త కొవ్వు ఎక్కువగా, పండ్లు, కూరగాయలు తక్కువగా ఉన్న మేత పెట్టినప్పుడు ఆ రక్షణ కలగలేదు. సూక్ష్మజీవి మంచిదైనా, దానికి మేత లేకపోతే అది నిలవదన్నది ఈ ప్రయోగ సారాంశం.

ఈ రంగంలో పరిశోధనకు పూనుకునే విద్యార్థులు రెండు మెలకువలు పాటించాలి. మొదటిది, ఒకే పెట్టెలోని జంతువులు సూక్ష్మజీవులను పంచుకుంటాయి కనుక వాటిని వేర్వేరు నమూనాలుగా లెక్కించరాదు. పెట్టెనే ప్రయోగ ప్రమాణంగా తీసుకోవాలి. రెండవది, శుద్ధి చేసిన అధిక కొవ్వు మేతను గింజలతో చేసిన సాధారణ మేతతో పోల్చరాదు. మొదటి దానిలో కొవ్వు ఎక్కువగా ఉండడమే కాదు, పులిసే పీచు కూడా తక్కువగా ఉంటుంది. అప్పుడు వచ్చిన మార్పు కొవ్వు వల్లనా, పీచు లేమి వల్లనా అన్నది తేలదు.

మానవులలో ఫలితాలు

చిట్టెలుకలలో ఇంత స్పష్టంగా కనిపించినది మానవులలో అంత స్పష్టంగా నిలబడలేదు. సన్నని దాతల పేగు సూక్ష్మజీవులను జీవక్రియ రుగ్మత గల పురుషులకు ఎక్కించిన ప్రయోగం నెదర్లాండ్స్‌లో జరిగింది. 2012లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం ఆరు వారాలకు ఇన్సులిన్ పనితీరు మెరుగుపడింది గాని శరీర బరువు తగ్గలేదు. అప్పటికి అందుబాటులో ఉన్న పది అధ్యయనాల సమాచారాన్ని కలిపి 2016లో విశ్లేషించినప్పుడు, పేగు సూక్ష్మజీవుల కూర్పుకు, స్థూలకాయానికి మధ్య సంబంధం ఉన్నప్పటికీ అది బలహీనమైనదని తేలింది. వ్యక్తికీ వ్యక్తికీ ఉండే తేడా, లావు-సన్నం మధ్య ఉండే తేడా కంటే చాలా ఎక్కువ.

భారతీయుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఫీకలిబ్యాక్టీరియం ప్రాస్నిట్జి అనే బ్యాక్టీరియా బ్యుటిరేట్‌ను తయారుచేస్తుంది. దీనిని ఆరోగ్యానికి మేలు చేసేదిగా పరిగణిస్తారు. అయితే 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో దక్షిణ భారత స్థూలకాయ పిల్లలలో ఇది తక్కువగా కాక, ఎక్కువగా కనిపించింది. జీర్ణం కాని పిండిపదార్థం నుంచి అదనపు శక్తిని రాబట్టడంలో దాని పాత్ర ఉండవచ్చునని పరిశోధకులు భావించారు. భోపాల్, కేరళ ప్రాంతాల 110 మంది ఆరోగ్యవంతుల పేగు సూక్ష్మజీవులను పోల్చి 2019లో ప్రచురించిన అధ్యయనం, ప్రధానంగా శాకాహారులైన భోపాల్ వారిలో ప్రెవొటెల్లా అధికంగా ఉన్నదని, అన్నం, చేప, మాంసం తినే కేరళ వారి కూర్పు వేరుగా ఉన్నదని తెలిపింది. కాబట్టి ఒక బ్యాక్టీరియా పేరు చెప్పి ఇది మంచిది, అది చెడ్డది అని ముద్ర వేయడం శాస్త్రీయం కాదు.

ఆహారం ప్రభావం మాత్రం అనేక దేశాలలో స్థిరంగా కనిపిస్తోంది. తెలంగాణ మెట్ట రైతులకు దగ్గరగా ఉన్న ఉదాహరణ పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోది. అక్కడి ఒక గ్రామంలో జొన్న, చిరుధాన్యాలు, అలసందలు, కూరగాయలు తిని పెరిగే 1–6 ఏళ్ల పిల్లలను ఇటలీలోని ఫ్లారెన్స్ పిల్లలతో పోల్చిన అధ్యయనం 2010లో వెలువడింది. రెండేళ్లు దాటిన గ్రామ పిల్లలు రోజుకు 14.2 గ్రాముల పీచు తింటే, ఫ్లారెన్స్ పిల్లలు 8.4 గ్రాములు తిన్నారు. గ్రామ పిల్లలలో పీచును విడగొట్టగల ప్రెవొటెల్లా వంటి రకాలు అధికంగా ఉన్నాయి. వారి మలంలో చిన్న గొలుసు కొవ్వు ఆమ్లాలు కూడా ఎక్కువ. పళ్లెంలో జొన్న ఉన్నచోట దానిని అరిగించే జీవులు పేగులో ఉన్నాయి.

పొలం, మర, పళ్లెం: పీచు లెక్క

పెద్దపేగుకు ఎంత మేత చేరుతుందన్నది పంట ఎంపిక, మరపట్టే విధానం, వంట పద్ధతి నిర్ణయిస్తాయి. ఈ మూడూ వ్యవసాయ విశ్వవిద్యాలయాల పరిధిలోనివే. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార కూర్పు పట్టికల ప్రకారం 100 గ్రాములకు పీచు ఇలా ఉంది:

మరపట్టిన తెల్ల బియ్యం – 2.81 గ్రాములు
ముడి బియ్యం – 4.43 గ్రాములు
జొన్నలు – 10.22 గ్రాములు
రాగులు – 11.18 గ్రాములు
సజ్జలు – 11.49 గ్రాములు
కందిపప్పు – 9.06 గ్రాములు

తెలంగాణలో 2025 నుంచి చౌక ధరల దుకాణాల ద్వారా మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. ఇది రోజుకు 200 గ్రాములు. దాని నుంచి లభించే పీచు 5.6 గ్రాములు మాత్రమే. భారత వైద్య పరిశోధన మండలి సిఫారసు ప్రకారం ప్రతి 1000 కిలో కేలరీలకు సుమారు 15 గ్రాముల పీచు, అంటే 2000 కిలో కేలరీల ఆహారంలో 30 గ్రాములు ఉండాలి.

2024 మేలో జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు 2000 కిలో కేలరీల పళ్లానికి 250 గ్రాముల ధాన్యాలు, 85 గ్రాముల పప్పులు, 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు సూచించాయి. ధాన్యాల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం మించరాదన్నాయి. ఈ పళ్లెంలో ధాన్యమంతా తెల్ల బియ్యమే అయితే దాని పీచు 7 గ్రాములు. కందిపప్పు పీచు 7.7 గ్రాములతో కలిపి 14.7 గ్రాములు. ధాన్యంలో సగం జొన్నగా మారిస్తే 16.3 గ్రాములు, పప్పుతో కలిపి 24 గ్రాములు. మిగిలినది కూరగాయలు, పండ్లు సులువుగా పూరిస్తాయి. ఒక్క పూట అన్నం బదులు జొన్న రొట్టె లేదా గటక తినడం వల్ల కలిగే తేడా ఇంత.

అయితే జొన్న ఎందుకు వెనుకబడిందో కూడా తెలుసుకోవాలి. వానాకాలపు జొన్నకు గింజ బూజు, పక్షుల బెడద తప్పవు. బోరుబావులు, హామీగల కొనుగోలు వరికి అండగా నిలిచాయి. 1983లో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం పథకం పేదవారి ఆకలి తీర్చింది. దానితోపాటు బియ్యాన్ని అందరి ప్రధానాహారంగా మార్చింది. రొట్టె చేయడానికి పట్టే సమయం, నైపుణ్యం కూలికి, ఉద్యోగానికి వెళ్లే మహిళకు భారమైంది. ముడి బియ్యంలో తవుడు పొర ఉండడం వల్ల అందులోని నూనె త్వరగా ముక్కి వాసన వస్తుంది. అందుకే వ్యాపారులు దానిని నిల్వ చేయడానికి ఇష్టపడరు. ఈ కారణాలను పట్టించుకోకుండా ‘చిరుధాన్యాలు తినండి’ అని చెప్పే సలహా ఇంటి గడప దాటదు.

విస్తరణ కార్యక్రమాలలో పాటించవలసినవి

నగర శివారు మండలాలలో పొలం వద్ద జరిపే ప్రదర్శన ఒక్కటే చాలదు. తిండిగింజలను కొనే కుటుంబాలు ఎక్కువైనచోట అంగన్‌వాడీ, వసతి గృహాల వంటశాల, మహిళా సంఘం, రైతుబజారు, చిన్న పిండిమర కూడా విస్తరణ క్షేత్రాలే. వీటిలో పనిచేసేటప్పుడు ఈ కింది అంశాలను దృష్టిలో ఉంచుకోవాలి.

మొదటిది, జొన్నను అన్నానికి బదులుగా తినాలే గాని అన్నంతో పాటు అదనంగా కాదు. 100 గ్రాముల తెల్ల బియ్యం 356, జొన్నలు 334 కిలో కేలరీల శక్తి ఇస్తాయి. తేడా కొద్దిపాటిదే కనుక అదనంగా తింటే బరువు పెరుగుతుంది. చిరుధాన్యాల పేరుతో అమ్మే తీపి బిస్కట్లు, నూనెలో వేయించిన చిరుతిళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది.

రెండవది, పీచును క్రమంగా పెంచాలి. ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరం, వాయువు కలిగి కుటుంబం ఆ ప్రయత్నాన్నే మానుకుంటుంది. వారానికి రెండు పూటలతో మొదలుపెట్టి, నీరు తగినంత తాగుతూ పెంచడం మేలు. మధుమేహానికి మందులు వాడేవారు, మూత్రపిండాల వ్యాధి గలవారు, దీర్ఘకాల జీర్ణవ్యాధులున్నవారు వైద్యుని సలహా తీసుకోవాలి.

మూడవది, చిన్నపిల్లల విషయం వేరు. తక్కువ బరువున్న పసివారి చిన్న కడుపును పీచుతో నింపితే వారికి శక్తి చాలదు. వారికి పప్పు, పాలు, గుడ్డు, నూనె కలిపిన మెత్తని ఆహారం అవసరం. తల్లికి చేసే సూచనను బిడ్డకు యథాతథంగా చేయరాదు.

నాల్గవది, బరువుతో పాటు నడుము కొలతను నమోదు చేయాలి. భారతీయులలో శరీరం సన్నగా కనిపించినా పొట్ట వద్ద కొవ్వు పేరుకోవడం సాధారణం. పురుషులకు 90 సెంటీమీటర్లు, మహిళలకు 80 సెంటీమీటర్లు హెచ్చరిక గీతలు.

ఐదవది, సూక్ష్మజీవుల ఉత్పత్తుల గురించి హామీలు ఇవ్వరాదు. పెరుగు, అంబలి, చద్దన్నం మంచి ఆహారాలు. వాటిని వాటి పోషక విలువ కోసం ప్రోత్సహించవచ్చు. అవి బరువు తగ్గిస్తాయని చెప్పడానికి తగిన ఆధారం కావాలి.

ఆరవది, సాగు వైపు నుంచి చూస్తే జొన్నలో కంది అంతరపంట మెట్ట నేలలకు అనువైనది. ఒకే చేను నుంచి ధాన్యమూ పప్పూ లభిస్తాయి. ముడి బియ్యాన్ని, జొన్నపిండిని చిన్న మొత్తాలలో ఎప్పటికప్పుడు పట్టించి అమ్మే ఏర్పాటును మహిళా సంఘాలు చేపడితే ముక్కిపోయే సమస్య తగ్గుతుంది.

ముగింపు

స్థూలకాయం జన్యువులు, శ్రమ, నిద్ర, ఆదాయం, ఆహారం కలిసి నిర్ణయించే స్థితి. పేగు సూక్ష్మజీవులు ఆ అల్లికలో ఒక పోగు. ఏ బ్యాక్టీరియా ఎవరిని లావు చేస్తుందన్న ప్రశ్నకు శాస్త్రం ఇంకా సమాధానం వెదుకుతోంది. ఆ జీవులకు ఏ మేత అందుతోందన్న ప్రశ్నకు మాత్రం పొలంలో, మరలో, వంటింట్లో సమాధానం దొరుకుతుంది.

మేడ్చల్, శామీర్‌పేట వంటి ప్రాంతాలలో స్నాతకోత్తర విద్యార్థులు చేపట్టదగిన పరిశోధన ఇక్కడే ఉంది. పొలం నిలుపుకున్న కుటుంబాలను, అమ్ముకున్న కుటుంబాలను ఎంచుకుని, వారి 24 గంటల ఆహార వివరాలు, నడుము కొలత, శారీరక శ్రమ, గత మూడు నెలలలో వాడిన యాంటీబయాటిక్ మందులు నమోదు చేయాలి. పంటకాలాన్ని బట్టి ఆహారం మారుతుంది కనుక ఒకే సీజనులో కాక, కనీసం రెండు సీజన్లలో నమూనాలు సేకరించాలి. ఒక పూట అన్నాన్ని జొన్నతో మార్చిన కుటుంబాలను మార్చని వాటితో పోల్చి, సూక్ష్మజీవుల కూర్పుతో పాటు చిన్న గొలుసు కొవ్వు ఆమ్లాలను, రక్తంలో గ్లూకోజును కొలవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ప్రయోగం ముగిసిన ఆరు నెలల తరువాత ఆ ఇంట్లో జొన్న రొట్టె ఇంకా కాలుతోందా లేదా చూడాలి. పేగులోని సూక్ష్మజీవులు మేత ఉన్నంత కాలమే నిలుస్తాయి. మేత నిలవాలంటే ఆ ధాన్యం రైతుకు గిట్టుబాటు కావాలి, వినియోగదారునికి అందుబాటులో ఉండాలి, వండే మనిషికి భారం కాకూడదు.